డయాలసిస్ బెడ్ పక్కన నిలబడేవాళ్లకు: మీ ప్రశ్నలు, సిస్టర్ జవాబులు

పోయిన నెల ఈ పేజీలో డయాలసిస్ పేషెంట్ల తిండి గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో పేషెంట్ల కంటే ఎక్కువగా ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు, ఎంఎన్‌వోలు, ఎఫ్‌ఎన్‌వోలే (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు) రాశారు. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాళ్లకిచ్చేశాను. పేర్లు వద్దన్నారు కాబట్టి వేయడం లేదు, ఆసుపత్రుల పేర్లయితే ఎవరివీ వేయను. నేను స్టాఫ్ నర్సుగా చేరి, ఇరవై ఏళ్లకు పైగా డయాలసిస్ యూనిట్లలోనే పనిచేసినదాన్ని. అక్కడక్కడా నా కోపం కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సిస్టరమ్మా, మాది సోంపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి చదివాను. ఏజెన్సీ ద్వారా ఆసుపత్రిలో పనికి చేరి ఏడాదయింది. మొదట కాన్పుల వార్డులో వేశారు, రెండు నెలల కింద డయాలసిస్‌కి మార్చారు. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, "పేషెంట్లను చూస్తూ ఉండు" అన్నారంతే. ఏం చూడాలమ్మా? మెషీన్ కూత పెడితే గుండె దడదడలాడుతుంది. మా మామయ్య ఈ కిడ్నీ జబ్బుతోనే పోయాడు, ఏం తప్పు చేస్తానో అని ఒకటే టెన్షన్.

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మనిషివి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఈ జబ్బు లేని వీధి లేదని నీకు నేను చెప్పక్కర్లేదు. కారణం ఏమిటో ఇప్పటికీ తేలలేదు, పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. బిల్డింగులు, మెషీన్లు వస్తాయి సరే, పక్కన నిలబడే మనిషికి ఏం చూడాలో చెప్పేవాళ్లే రావడం లేదు.

"చూస్తూ ఉండు" అన్నారు కదా, నిజానికి ఆ వార్డులో అన్నిటికంటే పెద్ద పని అదే. ముందు ఒక లెక్క అర్థం చేసుకో. మెషీన్ నడిచేటప్పుడు పేషెంట్ ఒంట్లోంచి నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తం, అంటే మనింట్లో పెద్ద స్టీలు గ్లాసెడు, బయటికొచ్చి ఫిల్టర్‌లో శుభ్రమై మళ్లీ లోపలికి వెళుతుంది. నాలుగు గంటలు అదే పని. మనిషిలో ఉండేది మొత్తం ఐదు లీటర్లు. ఇప్పుడు తిరిగి లోపలికి వెళ్లే నీడిల్ ఊడిపోయిందనుకో, మెషీన్ దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది, నిమిషానికో గ్లాసు రక్తం పరుపులోకి పోతుంది. అలారం మోగుతుందిలే అని నమ్మకు, ఒక్కోసారి మోగదు. నీడిల్ ఊడినా దాని మొన బట్టకో ప్లాస్టర్‌కో ఆనుకుని ఉంటే ప్రెషర్ పెద్దగా మారదు, మెషీన్‌కి తేడా తెలియదు.

అందుకే నువ్వు చూడాల్సిన మొదటిది నీడిల్ గుచ్చిన చెయ్యి. ఏసీకి చలేస్తోందని పేషెంట్లు దుప్పటి మెడదాకా లాక్కుంటారు, అది సహజమే. ఒళ్లంతా కప్పు, ఆ చెయ్యి మాత్రం బయటే ఉండాలి. నేను పనిచేసిన ఒకచోట ఒక ఆయమ్మ, ఆమెకు చదువు రాదు, తెల్లవారుజామున షిఫ్టులో నేల తుడుస్తూ మంచం కింద ఎర్రగా ఒక చుక్క చూసి కేకేసింది. దుప్పటి తీస్తే పరుపు తడిసిపోయి ఉంది. మెషీన్ మీద అన్ని నంబర్లూ మామూలుగానే ఉన్నాయి. ఆ మనిషి బతికాడు. ఆమెకు అప్పటికి ఎవరూ ఏ ట్రైనింగూ ఇవ్వలేదు, అది మా సిగ్గు.

రెండోది ముఖం. బీపీ పడిపోయే ముందు మనిషి చెబుతాడు, నోటితో కాదు. వరసగా ఆవలిస్తాడు, నుదుటి మీద చెమట పడుతుంది, అప్పటిదాకా ఫోన్ చూస్తున్నవాడు పక్కన పెట్టేస్తాడు, పిక్కలు పట్టేశాయంటాడు, వాంతి వచ్చేట్టుంది అంటాడు, లేదంటే అకారణంగా చిరాకుపడతాడు. ఇందులో ఏది కనిపించినా పరిగెత్తి వెళ్లి వెతకొద్దు, అక్కడే నిలబడి గట్టిగా సిస్టర్నో టెక్నీషియన్నో పిలువు, ఈలోగా తల కిందికి, కాళ్లు పైకి వచ్చేలా మంచం వంచడం నేర్చుకుని ఉండు. మెషీన్ ఒంట్లోంచి నీళ్లు తీయడం ఆపడం, సెలైన్ ఇవ్వడం వాళ్ల పని. నిద్రపోతున్నాడులే అని ఎవర్నీ వదిలెయ్యకు, అరగంటకోసారి పేరుపెట్టి పలకరించు. పలికితే నిద్ర, పలకకపోతే వేరు.

మెషీన్ కూత గురించి. కూత పెట్టింది నిన్ను తిట్టడానికి కాదు. నువ్వు ఆ బటన్ మాత్రం నొక్కకు. కూత ఆపేస్తే తప్పు ఆగిపోయినట్టు అనుకుని అలారం నొక్కేసి వెళ్లిపోయే వార్డ్ బాయ్‌లను నేను చాలామందిని చూశాను, వాళ్లకి ఎవరో "నొక్కెయ్ రా" అని నేర్పి ఉంటారు. నువ్వు కూత వినగానే మొదట చేతివైపు చూడు, తర్వాత ముఖం వైపు, తర్వాత ట్యూబు ఎక్కడైనా మడతపడిందా అని చూడు, చూసింది చూసినట్టు చెప్పు. "మూడో బెడ్‌లో కూత, చెయ్యి పొడిగానే ఉంది, ఆయన పలుకుతున్నాడు" అన్నావంటే ఏ టెక్నీషియనైనా నీకు దండం పెడతాడు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో ఎనిమిది మెషీన్ల డయాలసిస్ సెంటర్ చూసుకుంటాను. సపోర్ట్ స్టాఫ్‌కి మూడు రోజుల ట్రైనింగ్ ఇస్తున్నాం, నాలుగో నెలలో మానేస్తున్నారు. మళ్లీ కొత్తవాళ్లు, మళ్లీ మూడు రోజులు. అసలు ఎన్ని రోజులు ఇవ్వాలి, ఏం నేర్పాలి? వాళ్ల మీద అంత ఖర్చు పెట్టడం అవసరమా?

జవాబు: సార్, మూడు రోజుల్లో అయ్యేది ట్రైనింగ్ కాదు, పరిచయం. బాత్రూమ్ ఎక్కడ, చీపురు ఎక్కడ, మేనేజర్ గది ఎక్కడ అన్నది తెలుస్తుంది. ఖర్చు అవసరమా అన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఒక ఫిస్టులా (నీడిల్ గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాలను కలిపి చేసేది) మూసుకుపోతే మళ్లీ ఆపరేషన్‌కి ఆ కుటుంబం ఎంత పెడుతుందో మీకు తెలుసు కదా?

నా లెక్కలో నెల రోజులు కావాలి. భయపడకండి, నెలంతా క్లాసులో కూర్చోబెట్టమనడం లేదు. పని చేస్తూనే, కానీ ఒక పాత మనిషికి జతచేసి, రోజుకో ముప్పావు గంట నేర్పుతూ.

మొదటి వారం మెషీన్ దగ్గరికి రానివ్వకండి. చేతులు కడగడం, బరువు తూయడం, అంతే. నవ్వుతారేమో, బరువు తూయడం నేర్పాలా అని. డయాలసిస్‌లో ఎన్ని నీళ్లు తీయాలన్నది ఆ తూకం మీదే నిర్ణయమవుతుంది. పోయినసారి వెళ్లేటప్పుడు 52 కిలోలు, ఇప్పుడు 54.5, అంటే రెండున్నర లీటర్లు ఒంట్లో చేరాయని లెక్క. డిసెంబర్ చలిలో స్వెట్టరు, శాలువా, జేబులో ఫోన్, కాళ్లకి చెప్పులతో తూచారనుకోండి, లేని కిలో ఒకటి వచ్చి చేరుతుంది, ఆ లేని లీటరు నీళ్లు ఆ మనిషి ఒంట్లోంచి లాగుతారు, మూడో గంటకి పిక్కలు పట్టేసి కేకలు. చక్రాల కుర్చీతో కలిపి తూచి కుర్చీ బరువు తీసెయ్యడం మర్చిపోయిన సంఘటన నా కళ్లముందే జరిగింది. కుర్చీ వెనకాల దాని బరువు పెద్ద అంకెల్లో పెయింట్ చేయించండి, డబ్బా పెయింట్ ఖర్చు తప్ప ఏమీ కాదు.

రెండో వారం శుభ్రం. హెపటైటిస్-బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో, కంటికి కనిపించకపోయినా, కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. అందుకే ఒక పేషెంట్ లేచి వెళ్లాకే ఆ మంచం, కుర్చీ చేతులు, బీపీ పట్టీ, మెషీన్ ముందుభాగం, టేబుల్ అన్నీ తుడవాలి. లేవకముందే మొదలుపెట్టకూడదు. మన దగ్గర తర్వాతి షిఫ్టువాళ్లు తలుపు దగ్గర గుమికూడి ఉంటారు, ఒకాయన కాళ్లు దించుతుంటేనే ఇంకొకాయన తువ్వాలు పరిచేస్తాడు, బస్సు సీటులాగా. ఆ పదిహేను నిమిషాలు ఆపగలిగే ధైర్యం ఆయమ్మకి మీరివ్వాలి, "మేనేజర్‌గారే చెప్పారు" అని ఆమె అనగలగాలి. చెత్త గురించి కూడా అప్పుడే: 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ట్యూబులు, ఫిల్టర్లు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపుపచ్చలోకి, నీడిల్స్ గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి. చదువు రానివాళ్లకి రంగే అక్షరం, బొమ్మలు గీసి అతికించండి.

మూడో వారంలో డయాలసిస్ అంటే ఏమిటో చెప్పండి. నేనైతే గాజు గ్లాసులో వేడినీళ్లు పోసి టీ బ్యాగు ముంచుతాను. రంగు బయటికొస్తుంది, పొడి లోపలే ఉంటుంది. ఫిల్టర్ చేసేదీ అదే, చెడు బయటికి, రక్తకణాలు లోపల. 1943లో హాలండ్‌లో, జర్మన్ల ఆక్రమణ నడుస్తుండగా, విలెం కోల్ఫ్ అనే డాక్టర్ మొదటి మెషీన్‌ని మాంసం కూరే సాసేజ్ తొడుగుల సెల్లోఫేన్‌తో కట్టాడని చెబితే మా ఆయమ్మలు నోళ్లు తెరిచారు. ఒకామె "అయితే మనమూ కట్టొచ్చు" అంది. కారణం తెలిసిన మనిషి చేసే పనికీ, తెలియని మనిషి చేసే పనికీ తేడా మీకు రెండు రోజుల్లో కనిపిస్తుంది.

నాలుగో వారం అంతా నాటకం. ఒక స్టాఫ్ పేషెంట్‌లా పడుకుంటుంది, ఇంకొకరు అలారం నోటితో మోగిస్తారు, కొత్త మనిషి ఏం చేస్తుందో చూడండి. కరెంటు పోవడం, బీపీ పడిపోవడం, నీడిల్ ఊడటం, ట్యూబులో గాలి బుడగ కనిపించడం, ఈ నాలుగూ నెలకోసారి ఆడించండి. "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. "నాకు చెప్పి చూపించు" అనండి.

ఇక మానేయడం గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. ఎనిమిది మెషీన్ల మధ్య ఒకే ఆయమ్మ, మూడు షిఫ్టులు, జీతం ఏజెన్సీ చేతిలో రెండు నెలలు ఆలస్యం, పైగా ఏది జరిగినా ముందు ఆమె మీదే అరుపులు. నాలుగు నెలలు ఉండటమే గొప్ప. 2016-17 బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో నడిచే సెంటర్లలో స్థలం, కరెంటు, నీళ్లు ప్రభుత్వానివి, మెషీన్లు, మనుషులు ప్రైవేటు భాగస్వామివి. మీదీ అలాంటి సెంటరే అయితే ఆ మనుషులకి నేర్పే బాధ్యత కూడా ఆసుపత్రి మీదికి తోసెయ్యకండి.

ప్రశ్న: మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. పోయిన ఆదివారం టెక్నీషియన్ రాలేదని వార్డ్ బాయే నీడిల్ గుచ్చాడు. బాగానే గుచ్చాడు, నొప్పి కూడా లేదన్నారు నాన్న. ఫిర్యాదు చేయాలా వద్దా? (ఏలూరు)

జవాబు: చేయాలి బాబూ. ఆ కుర్రాడి మీద కాదు, అతనితో ఆ పని చేయించినవాళ్ల మీద, రాతపూర్వకంగా. నొప్పి లేకుండా గుచ్చడం అంత కష్టమేమీ కాదు, నాలుగు నెలలు చూస్తే చెయ్యి తిరుగుతుంది. నీడిల్ ఫిస్టులా గోడ చీల్చుకుని అవతలికి వెళ్లి చెయ్యి బూరెలా ఉబ్బినప్పుడు ఏం చేయాలో తెలియడమే చదువు. గుచ్చడం, మెషీన్ మీద నంబర్లు మార్చడం, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వడం, మెడ దగ్గర రక్తనాళంలోకి వేసిన గొట్టం (కాథెటర్) మూతలు విప్పడం, ఈ నాలుగూ సపోర్ట్ స్టాఫ్ పని కాదు, ఎంత చురుకైనవాడైనా. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ అబ్బాయి పేరు వేయకండి, ఉద్యోగం పోయేది అతనిదే అవుతుంది.

ప్రశ్న: సిస్టర్ గారూ, నేను వార్డ్ బాయ్‌ని. పొద్దున్నే ఐదుకి వచ్చి ఆర్వో ప్లాంట్ ఆన్ చెయ్యడం నా పని. టెక్నీషియన్ ఆరున్నరకి వస్తాడు. ఏదో చుక్క వేసి రంగు చూసి పుస్తకంలో రాయమన్నాడు, రోజూ నిన్న రాసిందే మళ్లీ రాస్తున్నాను. తప్పా?

జవాబు: తప్పే తమ్ముడూ, చాలా పెద్ద తప్పు, కానీ నిజం రాశావు కాబట్టి నీ మీద కోపం లేదు. నీకెవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

మెషీన్‌లో నిమిషానికి అర లీటరు చొప్పున నీళ్లు వెళతాయి, నాలుగు గంటలకి 120 లీటర్లు. మనం రెండు నెలల్లో తాగే నీళ్లు ఒక్క పూటలో ఆ మనిషి రక్తం పక్కనుంచి పారుతాయి, మధ్యలో ఉండేది ఫిల్టర్ పొర ఒక్కటే. మనం తాగే నీళ్లలో ఏదైనా ఉంటే పొట్ట, పేగులు కొంత ఆపుతాయి. అక్కడ ఆపేది ఏమీ లేదు. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, తాగడానికి అది మంచిదే, కానీ అదే రక్తంలోకి వెళితే ఎర్ర కణాలు పగిలిపోతాయి. దాన్ని ఆపేది ఆర్వో పొర కాదు, దాని ముందున్న బొగ్గు ట్యాంకు. ఆ బొగ్గు అరిగిపోయిందా లేదా అని తెలుసుకోవడానికే ఆ చుక్క, ఆ రంగు. లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటకూడదు, ప్రతి షిఫ్టుకి ముందు చూడాలి, ప్లాంట్ ఆన్ చేయగానే కాదు, ఓ పావుగంట నీళ్లు పారాక చూడాలి. నిన్నటి అంకె ఇవాళ రాస్తే ఆ పుస్తకం ఉండి లాభమేముంది?

1996లో బ్రెజిల్‌లో కరువారూ అనే ఊళ్లో (పేరులోనే మన కరువు వినిపిస్తుంది, అక్కడ కూడా నీళ్ల ఎద్దడే) ఒక డయాలసిస్ సెంటర్‌కి టాంకర్లతో చెరువు నీళ్లు తెచ్చి పోశారు. సరిగా శుద్ధి చేయలేదు. ఆ నీళ్లలో నాచు పుట్టించిన విషం ఉంది. 50 మందికి పైగా పేషెంట్లు కాలేయం దెబ్బతిని చనిపోయారు. మన దగ్గర ఎండాకాలం టాంకర్ రాని ఊరు చెప్పు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో టాంకర్ వచ్చిన రోజు ఆ సంగతి పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసి, టెక్నీషియన్‌కి ఫోన్ చేసి మరీ చెప్పు.

ఇంకోటి. ఈ పరీక్ష నీ పని కాదు, అతని పని. నువ్వు ప్లాంట్ ఆన్ చేసి ఉంచు, చుక్క అతను వచ్చి వేస్తాడు, అతను సంతకం పెట్టాకే మొదటి పేషెంట్. నిన్నే చేయమంటే పద్ధతిగా నేర్పి, నీ పేరు మీద రాసి ఇమ్మను. ఇవ్వరులే.

ప్రశ్న: హెపటైటిస్ ఉన్న పేషెంట్ల గదిలో డ్యూటీ అంటే అందరూ తప్పించుకుంటున్నారు, చివరికి నాకే వేస్తున్నారు. నాకు ఇద్దరు చిన్నపిల్లలు. ముట్టుకుంటే అంటుకుంటుందా అక్కా? (ఒంగోలు)

జవాబు: ముట్టుకుంటే అంటుకోదు, రక్తం నుంచి అంటుకుంటుంది. తువ్వాలు అందించినా, చెయ్యి పట్టుకుని నడిపించినా ఏమీ కాదు. నీ అసలు ప్రశ్న ఆ గది గురించి కాదు, టీకా గురించి అయ్యుండాలి. హెపటైటిస్-బికి టీకా ఉంది, మొదటి రోజు, నెలకి, ఆరో నెలకి మూడు డోసులు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి రక్తపరీక్ష చేయించు, రిపోర్టులో యాంటీబాడీ (టీకాతో ఒంట్లో పుట్టే రక్షణ) అంకె 10 దాటితే నీకు రక్షణ ఉన్నట్టు. ఏజెన్సీ స్టాఫ్ అని నీకు వేయకపోతే గట్టిగా అడుగు, ఆసుపత్రిలో పనిచేసే ఎవరికైనా వేయాల్సిందే. హెపటైటిస్-సికి టీకా లేదు, కానీ మందులతో నయమవుతుంది.

బి ఉన్నవాళ్ల మెషీన్ వేరు, గది వేరు, కత్తెర, బీపీ పట్టీ కూడా వేరు. ఆ షిఫ్టులో నువ్వు ఆ గదిలో ఉంటే బయట టీకా పని చేయని పేషెంట్ల దగ్గరికి నిన్ను తిప్పకూడదు. మనుషులు తక్కువని అటూ ఇటూ పరుగెత్తిస్తారు చూడు, ప్రమాదం అక్కడుంది, నీకంటే ఎక్కువగా ఆ పేషెంట్లకి.

నీడిల్ గుచ్చుకుంటే? సబ్బుతో నీళ్ల కింద కడుగు. పిండొద్దు, నోటితో పీల్చొద్దు, దాచిపెట్టొద్దు. వెంటనే ఇన్‌ఛార్జ్‌కి చెప్పి రాయించు. హెచ్‌ఐవీ అనుమానం ఉంటే మందులు రెండు గంటల్లోపే మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ఇక లాభం లేదు. తిడతారని రెండు రోజులు చెప్పకుండా తిరిగిన ఒక పిల్ల నాకు తెలుసు, అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. ఆ రెండు రాత్రులూ అన్నం తినలేదట.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పాసయ్యాను. ఇంట్లో నర్సింగ్ అంటున్నారు, నాకు డయాలసిస్ టెక్నీషియన్ అవ్వాలని ఉంది. మూడు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తాం, ఉద్యోగం గ్యారంటీ అని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అంటున్నారు. చేరమంటారా మేడమ్? (నల్గొండ)

జవాబు: వద్దు. టెక్నీషియన్ అవ్వాలంటే రెండు దారులు. పారామెడికల్ బోర్డు వాళ్ల రెండేళ్ల డిప్లొమా, రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. లేదంటే బీఎస్సీ డయాలసిస్ టెక్నాలజీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఇంట్లో స్తోమత ఉంటే రెండోదే మేలు. 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టంలో డయాలసిస్ టెక్నాలజిస్టు వృత్తి కూడా ఉంది, రేపు రిజిస్ట్రేషన్ అడిగినప్పుడు మూడు నెలల కాగితం పనికిరాదు.

పదో తరగతితో కొన్ని నెలల్లో అయ్యే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సులున్నాయి, అవి దొంగ కోర్సులేమీ కావు. కాకపోతే వాటితో నువ్వయ్యేది సహాయకురాలివి, టెక్నీషియన్‌వి కాదు. ఆ తేడా దాచిపెట్టి ఫీజు లాగేవాళ్లతోనే తంటా. చేరే ముందు ఒక్క మాట అడుగు, "నన్ను ఏ ఆసుపత్రిలో, ఎన్ని మెషీన్ల దగ్గర, ఎన్ని నెలలు నిలబెడతారు?" అని. జవాబు చెప్పకుండా బ్రోచర్ చేతిలో పెడితే, బస్సెక్కి ఇంటికొచ్చెయ్.

ప్రశ్న: అక్కా, నేను డల్లాస్‌లో ఉంటాను, అమ్మ విజయవాడలో డయాలసిస్ చేయించుకుంటోంది. ఇక్కడ టెక్నీషియన్లే అన్నీ చేస్తారు, వాళ్లూ పెద్ద చదువులవాళ్లేం కాదు. మరి మన దగ్గర ఎందుకింత భయపెడతారు?

జవాబు: అక్కడ హైస్కూల్ చదువుతోనే చేరతారు, నిజమే. కానీ 2008లో వచ్చిన ఫెడరల్ నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణలో ట్రైనింగ్ అవ్వాలి, చేరిన 18 నెలల్లోపు సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి, లేకపోతే ఆ పని చేయనివ్వరు. చదువు చిన్నదే, ట్రైనింగ్ చిన్నది కాదమ్మా. మన దగ్గర రెండూ చిన్నవైన చోట నేను భయపడుతున్నాను. అమ్మను ఫోన్‌లో అడుగు, డయాలసిస్ అయ్యాక మంచం దిగే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెడుతున్నారా, నిలబడ్డాక బీపీ చూస్తున్నారా అని. దాన్నిబట్టి ఆ సెంటర్ ఎలాంటిదో నీకు డల్లాస్ నుంచే తెలిసిపోతుంది.

ప్రశ్న: నీడిల్ తీశాక రక్తం ఆగడానికి పేషెంట్ చేతికి గుడ్డ గట్టిగా కట్టమంటారు. ఎంత గట్టిగా కట్టాలి? (కర్నూలు, వార్డ్ అసిస్టెంట్)

జవాబు: అసలు కట్టకు. గాజుగుడ్డ పెట్టి రెండు వేళ్లతో పది నిమిషాలు నొక్కి పట్టుకో, గడియారం చూస్తూ, మధ్యలో ఎత్తి చూడకుండా. రక్తం ఆగాలి, కానీ నొక్కిన చోటికి పైనా కిందా ఫిస్టులా కొట్టుకోవడం నీ వేళ్లకి తెలుస్తూనే ఉండాలి, పిల్లి గుర్రు పెట్టినట్టు ఉంటుంది చూడు, అది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చేరిన కొత్తల్లో, సాయంత్రం షిఫ్టు, ఆఖరి బస్సు పోతుందని ఒక పెద్దాయన తొందరపెడుతుంటే నేనే బ్యాండేజీ బిగించి కట్టి పంపేశాను. మూడో రోజు వచ్చాడు, చెయ్యి పట్టుకుంటే గుర్రు లేదు. ఫిస్టులా మూసుకుపోయింది. మెడలో కాథెటర్ వేయించుకుని నెలలు తిరిగాడు, ఆయన నన్నొక్క మాట అనలేదు. 1966లో న్యూయార్క్ డాక్టర్లు ఈ ఫిస్టులా పద్ధతి ప్రకటించారు, ఇన్నేళ్లలో దీన్ని మించిన దారి దొరకలేదు, దాన్ని నేను బస్సు టైముకి పాడుచేశాను. అప్పటినుంచీ కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజు వాళ్ల వేళ్లు పేషెంట్ చేతి మీద పెట్టించి ఆ గుర్రు చూపిస్తాను. ఏ రోజైనా అది లేదనిపిస్తే అప్పటికప్పుడు చెప్పాలి, రేపటిదాకా ఆగకూడదు, గంటల్లో డాక్టర్ చూస్తే తెరుచుకునే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, డయాలసిస్ జరుగుతుండగా ఇడ్లీ పెట్టొచ్చా? ఒక సిస్టర్ పెట్టమంటుంది, ఇంకో సిస్టర్ అరుస్తుంది.

జవాబు: తినగానే రక్తం పొట్టవైపు వెళుతుంది, బీపీ పడిపోయేవాళ్లకి అది ప్రమాదం. కొందరికి ఏమీ కాదు. అందుకే ఇద్దరు సిస్టర్లూ రైటే, పేషెంట్‌ని బట్టి. ఎవరికి పెట్టొచ్చో ఫైల్ మీద రాయించుకో. షుగర్ ఉన్నవాళ్లని ఖాళీ కడుపుతో నాలుగు గంటలు పడుకోబెట్టకు. పెట్టేటప్పుడు తల ఎత్తి కూర్చోబెట్టి పెట్టు, పక్కనే ఉండు.

ప్రశ్న: మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో ఆడవాళ్లు ఫిస్టులా చేతికి గాజులు వేసుకోవచ్చా అని నన్నే అడుగుతారు. శ్రావణమాసంలో అయితే మరీనూ. ఏం చెప్పాలి అక్కా? (తెనాలి, ఆయా)

జవాబు: నిన్నే అడుగుతారు, ఎందుకంటే డాక్టర్‌ని అడగడానికి మొహమాటం. బిగుతుగా పట్టే గాజులు, వాచీ, రబ్బరు పట్టీ జాకెట్ చేతులు ఆ చేతికి వద్దని చెప్పు. వదులుగా జారే రెండు గాజులు పండగపూట వేసుకుంటే ఏం కాదు, పడుకునేటప్పుడు తీసెయ్యమను, ఆ చెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోవద్దని కూడా చెప్పు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, వేరే ఆసుపత్రికి వెళ్లినా సరే. రెండో చేతికి ఎన్ని గాజులైనా వేసుకోవచ్చు. గోరింటాకు కూడా అడుగుతారు చూడు. వేళ్లకి, అరచేతికి పెట్టుకోమను, నీడిల్ గుచ్చే చోట మాత్రం వద్దు, అక్కడ చర్మం ఎర్రబడితే గోరింటాకు రంగులో మనకి కనిపించదు.